మెత్తగా తన్నే తూటా

ఆ ఆదివారం పొద్దున మేస్త్రి చేతిలో పిస్టల్ పేలలేదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంది. తూటాలో మందు అంటుకోలేదు, అంతే. ఎప్పుడో ఒకటి అలా వస్తూనే ఉంటుంది. ఆయన నియమం ప్రకారం గొట్టాన్ని గురి వైపే ఉంచి, ముప్పై సెకన్లు ఆగి, చెడిన తూటాను బయటికి తీసి పక్కనున్న ఎర్ర డబ్బాలో వేశాడు. మళ్ళీ కాల్చడం మొదలుపెట్టాడు.

వెనక బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య మాత్రం ఇంకో సంగతి చూసింది. పిస్టల్ పేలకపోయినా దాని ముక్కు బెత్తెడు కిందికి దిగింది. రాని దెబ్బకు ఆయన మణికట్టు ముందే కుంగింది.

ఆ కదలిక ఆమెకు కొత్త కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని ఆమెది. సూది చర్మాన్ని తాకకముందే బిగుసుకుపోయే చేతులను రోజుకు పదైనా చూస్తుంది. ల్యాబులో అందరూ ఆమెను ముద్దుగా సూదమ్మ అంటారు. ఎదుటి మనిషి "నాకేం భయం లేదండీ" అంటున్నప్పుడే, అతని మోచేతి దగ్గర నరం ఎటు పారిపోతోందో ఆమె వేలికి తెలిసిపోతుంది.

"తూటా చెడింది," అన్నాడు మేస్త్రి, చప్పుడు ఆపడానికి చెవులకు పెట్టుకున్న డిప్పలు పక్కకు జరిపి.

"చూశాను," అంది సూదమ్మ.

మేస్త్రికి అరవై ఒకటి. పంపులకు ఇరుసులు తిప్పే లేతు మిషను మీద ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేశాడు, ఇంకా చేస్తున్నాడు. వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా ఇరుసును పక్కన పడేసే రకం. ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, వారానికి రెండు పూటలు క్లబ్బుకు వెళ్ళి పిస్టల్ కాల్చడం, ఏడాదికోసారి జరిగే పెద్ద పోటీలో దిగడం. పెద్దవాళ్ళ విభాగంలో ఎప్పుడూ మొదటి ఐదుగురిలో ఉండేవాడు. రెండేళ్ళ నుంచి జారుతున్నాడు. కిందటేడు పందొమ్మిది మందిలో పదహారోవాడిగా వచ్చి, ఆ వారమంతా ఇంట్లో ఉప్పు అందించమని కూడా అడగలేదు, తనే లేచి తెచ్చుకున్నాడు.

తప్పు ఎక్కడుందో వెతకడంలో మాత్రం ఆయన లోటు చేయలేదు. పిడి మార్చాడు. స్ప్రింగు మార్చాడు. కళ్ళద్దాలు మార్చాడు. కాల్చే గదిలో దీపాలు సరిగ్గా లేవని క్లబ్బుకు అర్జీ పెట్టాడు. తూటాల జోలికి మాత్రం పోలేదు. ఇరవై ఏళ్ళుగా ఒకటే రకం. ముక్కున దూసుకుపోయే బుల్లెట్ తేలిక, మహా వేగం, పేలినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నితే చెంప మీద కొట్టినట్టు ఉంటుంది. క్లబ్బులో దొరికేవాటిలో అన్నిటికంటే చవక కూడా అదే. మెత్తగా తన్నే తూటాలు వాడేవాళ్ళను చూస్తే ఆయనకు నవ్వు. "పాలపళ్ళ తూటాలు" అని వాటికి పేరు పెట్టాడు.

ఆయన కుడి బొటనవేలి మొదట్లో కీలు వాచి రెండేళ్ళయింది. తూటాలను పిస్టల్ పిడిలో దూర్చే మ్యాగజైన్‌లోకి ఒక్కొక్కటీ బొటనవేలితో అదిమి పెట్టాలి, లోపల స్ప్రింగు ఎదురు తిరుగుతుంటుంది. ఆ పని మెల్లగా భార్య మీదికి నెట్టాడు. "నీ వేళ్ళు సన్నం. నీకైతే చకచకా పడతాయి," అన్నాడు. ఆమె కూడా ఆ మాట నిజమైనట్టే తీసుకుంది. అప్పటినుంచి ఆయన కాల్చే రెండు పూటలూ అల్లిక సంచీ బదులు తూటాల డబ్బా పట్టుకుని బెంచీ మీద కూర్చుంటోంది.

మరుసటి బుధవారం మధ్యాహ్నం డ్యూటీ దిగాక ఆమె ఒక్కతే క్లబ్బుకు వెళ్ళింది. తూటాలు అమ్మే కౌంటరులో ఉండేది ఒక సన్నపాటి మనిషి, కళ్ళద్దాలను తాడుతో మెడకు వేలాడదీసుకుంటాడు. ఒకప్పుడు ఆయన కూడా మంచి గురికాడు. అందరికీ ఆయన కౌంటరు అన్నయ్యే.

"అన్నయ్యగారూ, తక్కువగా తన్నే తూటాలు కావాలి. ధర మరీ ఆకాశంలో ఉండకూడదు. ఈయన వారానికి రెండు వందలు కాలుస్తారు, మీకు తెలుసు కదా."

"ఆయనకా?" అన్నయ్య అద్దాలు పెట్టుకున్నాడు. "ఆయన పంపారా?"

"లేదండీ. ఆయనకు తెలీదు."

అన్నయ్య అరలోంచి రెండు తూటాలు తీసి గాజు బల్ల మీద నిలబెట్టాడు. ఒకదాని ముక్కు గుండ్రంగా ఉంది. రెండోది పొట్టిగా, చదునుగా ఉంది.

"ఇది ఆయన వాడేది, బుల్లెట్ తూకం నూట పదిహేను గ్రెయిన్లు. ఇది నూట నలభై ఏడు. బరువైంది."

"బరువైతే ఇంకా గట్టిగా తన్నదా?"

"అందరూ అలాగే అనుకుంటారమ్మా. బరువైనదాన్ని మెల్లగా పంపిస్తారు, మందు తక్కువ వేస్తారు. తేలికదాన్ని పరుగెత్తించాలంటే మందు ఎక్కువ పడుతుంది. అది చెంపదెబ్బ. ఇదేమో భుజం మీద చెయ్యేసి పక్కకు తోసినట్టుంటుంది. ఇంకా మెత్తగా కావాలంటే మందు ఇంకా తగ్గించినవీ ఉన్నాయి. కానీ పోటీలో ఒక గీత ఉంది. బుల్లెట్ బరువునీ దాని వేగాన్నీ గుణిస్తే ఇంత రావాలని. రాకపోతే ఎంత బాగా కాల్చినా మార్కులు సున్నా."

"అయితే ఆ గీతకు పైన, ఆయన చేతికి కింద," అంది సూదమ్మ.

"అదే. చెప్పడం తేలికే. ఏ చేతికి ఏది మెత్తగా ఉంటుందో డబ్బా మీద రాసి ఉండదు. కాల్చి చూడాలి."

"ఎవరు కాలుస్తారు?"

అన్నయ్య సభ్యత్వం కాగితం ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆ పిస్టల్‌ను తుడిచింది తప్ప కాల్చలేదు. భద్రత క్లాసు రెండు రోజులు. ఇంట్లో అదనపు డ్యూటీ అని చెప్పింది. క్లాసులో మిగతావాళ్ళంతా ఆమె కూతురి ఈడువాళ్ళు. ముక్కు ఎప్పుడూ గురి వైపే, వేలు ఎప్పుడూ ట్రిగ్గర్ బయటే, అన్న మాటలను ఆమె ల్యాబులో సూదుల నియమాలు రాసుకున్నట్టే పుస్తకంలో రాసుకుంది. పరీక్షలో నూటికి నూరు వచ్చాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఆమెకు కొంచెం కష్టంగానే అనిపించింది.

తరువాతి బుధవారం మేస్త్రి పిస్టల్ లాంటిదే ఒకటి క్లబ్బులో అద్దెకు తీసుకుంది. మొదటి తూటా పేలకముందే ఆమె భుజాలు చెవుల దాకా లేచాయి. పిస్టల్ దించింది. రోగులతో రోజూ అనే మాటే తనకు తాను చెప్పుకుంది. ఊపిరి వదలండి. చెయ్యి నాకు వదిలేయండి. మళ్ళీ ఎత్తి నొక్కితే మొదటిది ఎటో పోయింది. రెండోది కాగితానికి తగిలింది, బొమ్మకు తగల్లేదు. మూడోది బొమ్మకు తగిలింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని చూసి అన్నయ్య క్లబ్బంతా చెప్పుకోవాలనుకున్నాడు కానీ, ఎవరికీ చెప్పనని ఆమెకు మాటిచ్చాడు కాబట్టి నోరు కట్టుకున్నాడు. ల్యాబు నుంచి తెచ్చిన ఐదు చిన్న సంచులకు అంకెలు అంటించి, ఆమె ఆయన చేతికిచ్చింది.

"ఒక్కోదాంట్లో ఒక్కో రకం వేయండి. ఏది ఏదో నాకు చెప్పొద్దు. మ్యాగజైన్లు కూడా మీరే నింపండి. పేరు తెలిస్తే చెయ్యి పేరునే వింటుంది."

ఐదు రకాలు, ఒక్కోటి పది చొప్పున. పక్కనే కాగితం మీద గీతలు పెట్టుకుంది. పైకి ఎంత ఎగిరింది, మళ్ళీ గురి మీదికి ఎంత త్వరగా వచ్చింది, మణికట్టులో ఎక్కడ తెలిసింది. మరుసటి బుధవారం సంచుల అంకెలు మార్చి మళ్ళీ కాల్చింది. ఆపై బుధవారం ఇంకోసారి. మూడుసార్లూ ఆమె చెయ్యి రెండింటినే ఏరింది. ఒకటి పోటీల కోసమే చేసిన ఖరీదైన రకం, ధర దాదాపు రెట్టింపు. రెండోది ఎవరూ పెద్దగా అడగని ఒక కంపెనీ బరువు తూటా. వెయ్యి ఒకేసారి కొంటే మేస్త్రి పాతవాటికంటే కాస్తే ఎక్కువ. అన్నిటికంటే మెత్తగా ఉన్నది మూడో రకం నిజానికి, కానీ అది పోటీ గీత దాటదు. పైగా పదింటిలో రెండుసార్లు పేలిన తూటా డొల్లను బయటికి విసరలేక పిస్టల్ మధ్యలోనే ఇరుక్కుంది.

"బరువుది బాగుంటుందమ్మా," అన్నాడు అన్నయ్య. "ఒక్కటే లోపం, మసి ఎక్కువ. కొంచెం పొగ కూడా."

"పొగకు ఆయనేం అనరు. మిషను మీద నూనె పొగలోనే బతికారు."

రెండు వేల తూటాలు కట్టిస్తూ అన్నయ్య ఆగాడు. "ఆయనకు చెప్పాలి, చెల్లెమ్మా."

"చెబితే కాల్చరు."

"పోటీలో బుల్లెట్ ఊడదీసి తూకం వేస్తారు. నలుగురిలో తెలిస్తే బాగుండదు. పోటీలోపు చెప్తానని మాటివ్వు."

ఆమె మాటిచ్చింది. ఇచ్చేటప్పుడు నిజంగానే చెప్పాలనుకుంది.

ఆ ఆదివారం బరువు తూటాలు మేస్త్రి పాత రేకు డబ్బాలోకి చేరాయి. నింపేది ఆమే కనుక ఆయన వాటిని చేత్తో తాకేదే లేదు. శబ్దం తేడా తెలియదు, లేతు మిషను ఆయన చెవుల్లో సగం ఎప్పుడో తినేసింది. మొదటి పది కాల్చి ఆయన కాగితం దగ్గరకు తెప్పించుకుని చూశాడు. మళ్ళీ పది కాల్చాడు. మూడో పదికి వెనక్కి తిరిగాడు.

"పిస్టల్ మీద గురి చూసే సైటు కాస్త కదిలినట్టుంది. గురి కొద్దిగా పైకి పోతోంది. కానీ చూడు, అన్నీ ఒక్కచోటే పడుతున్నాయి."

"బాగున్నాయి," అంది సూదమ్మ.

"చెయ్యి దారిలో పడింది. నేను చెప్పలేదూ, ఆ కొత్త స్ప్రింగు అలవాటవ్వాలని."

వారాలు గడిచేకొద్దీ స్ప్రింగు ఘనత పెరిగిపోయింది. ఆ తర్వాత పొద్దున చేసే వ్యాయామానికి కొంత వాటా దక్కింది. పిస్టల్ శుభ్రం చేస్తూ "ఈ మధ్య మసి ఎక్కువ పడుతోందేమిటో, గాలిలో తేమ కాబోలు" అనేవాడు. ఆమె గుడ్డ అందించేది. భోజనం దగ్గర కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి. ఫ్యాక్టరీలో తోటివాళ్ళకు, వీధి చివర మంగలి షాపులో, ఫోనులో కూతురికి, చెయ్యి బాగైన సంగతి అందరికీ చెప్పాడు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసినకొద్దీ చెప్పాల్సిన మాట ఆమె గొంతులో ఇంకా లోపలికి జారిపోయింది. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అనుకుంటుండగానే పోటీ రోజు వచ్చింది.

ఊరి బయట మైదానంలో తూటాలను ఆపే మట్టి కట్టల మధ్య ఆరు ఆటలు. ముందుగా అందరూ తూకం బల్ల దగ్గరకు వెళ్ళాలి. అక్కడ కూర్చున్న అధికారిణి చురుకైన పిల్ల. మేస్త్రి మ్యాగజైన్లలోంచి ఎనిమిది తూటాలు తీసుకుంది. ఒకదాన్ని అందుకోసమే చేసిన బోలు ప్లాస్టిక్ సుత్తిలో బిగించి బల్లకు కొట్టి, బుల్లెట్‌ను ఊడదీసి చిన్న త్రాసు మీద పెట్టింది.

"నూట నలభై ఏడు," అని పక్కన రాసేవాడికి చెప్పింది.

"నూట పదిహేను అమ్మా," అన్నాడు మేస్త్రి మర్యాదగా. "మీ త్రాసు తప్పు చూపిస్తోంది."

"లేదండీ, ఇందాకే సరిచూశాం." ఆమె బుల్లెట్‌ను వేళ్ళ మధ్య పట్టుకుని చూపించింది. "ఇది చదును ముక్కు బరువు బుల్లెట్. మీరు వాడేవేనా ఇవి?"

ముప్పై ఎనిమిదేళ్ళు కొలతలతో బతికిన మనిషి ఆయన. ఆ బుల్లెట్‌ను ఒక్క చూపు చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి భార్యను చూశాడు. ఆమె తల దించుకోలేదు కానీ, కళ్ళు మాత్రం నిలపలేకపోయింది.

వేగం కొలిచారు. లెక్క గీతకు పైనే ఉంది. "మీరు ప్యాస్. పోటీ అంతా ఇవే వాడాలి, మధ్యలో మార్చకూడదు," అని ఆ పిల్ల చీటీ ఇచ్చింది. మేస్త్రి చీటీ జేబులో పెట్టుకుని, పిస్టల్ పెట్టెకు తాళం వేసి, నేరుగా కారు దగ్గరకు వెళ్ళి కూర్చున్నాడు.

ఆమె అవతలి తలుపు తీసి పక్కన కూర్చుంది. ఆయన చేతులు స్టీరింగు మీద ఉన్నాయి, తాళం చెవి మాత్రం పెట్టలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిది వారాలు."

"తొమ్మిది వారాలు," అన్నాడు. "చెయ్యి బాగైందని ఊరందరికీ చెప్పుకున్నాను. నువ్వు పక్కనుండి వింటూ కూర్చున్నావు."

"అవును. చెప్పాల్సింది. తప్పు నాదే."

ఆమె సర్దిచెప్పుకోబోతుందని ఆయన ఎదురుచూసినట్టున్నాడు. అది రాలేదు. స్టీరింగు మీది తన వేళ్ళను చూసుకుంటూ అన్నాడు, "అంటే నా చెయ్యి బాగవలేదన్నమాట."

"లేదు. కీలు అలాగే ఉంది. దెబ్బ తగ్గింది కాబట్టి మీ చెయ్యి భయపడటం మానేసింది."

"భయమా? నాకా?"

"మీకు కాదు, మీ చేతికి. ఆవేళ తూటా పేలలేదు చూడండి, పిస్టల్ ముక్కు దానంతటదే కిందికి దిగింది. నేను రోజూ చూసేదే. కండలు తిరిగిన మనుషులొస్తారు, సూది ఇంకా డబ్బాలో ఉండగానే చెయ్యి లాక్కుంటారు. వాళ్ళేం పిరికివాళ్ళు కారు. నొప్పి తెలిసిన చెయ్యి అది, అంతే. దాన్ని తిడితే ఇంకా బిగుసుకుంటుంది. మేం సన్న సూది తీసుకుంటాం."

మేస్త్రి అద్దంలోంచి మైదానం వైపు చూశాడు. మొదటి ఆటలో ఎవరో ఇనుప పళ్ళేలను కూలుస్తున్నారు, టంగు టంగుమని.

"ఏది సన్న సూదో నీకెలా తెలిసింది? అన్నయ్య చెప్పాడా?"

"ఆయన ఐదు రకాలు చూపించాడు. కాల్చి చూశాం."

"ఎవరు?"

"నేనే."

ఆయన ఈసారి పూర్తిగా ఆమె వైపు తిరిగాడు. "నువ్వా?"

"అదనపు డ్యూటీలన్నీ అవే. నూట యాభై తూటాలు."

ఆయన తనకే ఇష్టం లేనట్టు అడిగాడు. "ఎంత దూరం నుంచి?"

"పది మీటర్లు."

"తూటాల గుంపు ఎంత వెడల్పు వచ్చింది?"

ఆమె తన అరచెయ్యి తెరిచి చూపించింది.

"మొదటిసారేనా?"

"ఛ, మొదటిసారి గోడకు కూడా తగల్లేదనుకుంటా. మూడో వారం."

"నాకు మొదటి ఏడాదంతా అన్నం పళ్ళెమంత వచ్చేది," అన్నాడు మేస్త్రి. ఆ మాట నిజానికి ఆమెతో అన్నట్టు లేదు. "చెప్పకపోవడం మాత్రం నేనింకా క్షమించలేదు."

"వద్దులెండి. ముందు దిగండి, మీ వంతు వస్తుంది."

"ఆ తూటాలు నాకిలా ఇవ్వు," అన్నాడు.

తూటాలు పట్టుకోవడానికి కేటాయించిన బల్ల దగ్గర ఆయన డబ్బా తెరిచి, మొదటిసారిగా ఆ తూటాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఖాళీ మ్యాగజైన్ పట్టుకుని బొటనవేలితో ఒకటి అదిమాడు. రెండు. మూడో దానికి దవడ బిగుసుకుంది. నాలుగోది సగం దిగి ఆగింది. ఆయన దాన్ని ఎలాగో లోపలికి తోసి, మ్యాగజైన్‌ను భార్య చేతిలో పెట్టాడు.

"నొప్పి పుడుతోంది," అన్నాడు. "రెండేళ్ళ నుంచి. నీ వేళ్ళు సన్నమని కాదు."

"తెలుసు," అంది. మిగతావి ఆమె నింపింది.

మొదటి ఆట ఘోరంగా పోయింది. కోపం, సిగ్గు అన్నీ కలిసి ట్రిగ్గర్ మీదికొచ్చాయి. రెండు బొమ్మలకు అసలు తగల్లేదు, ఒక పళ్ళేన్ని నాలుగుసార్లు కాల్చాల్సి వచ్చింది. రెండో ఆటకు ముందు ఆయన చేతులు జాడించి, ఊపిరి వదిలి నిలబడ్డాడు. గంట మోగింది. చెయ్యి ఏం చేస్తుందో తెలిసిన మనిషి దాన్ని చూసుకుంటూ కాల్చినట్టు, తొందరపడకుండా కాల్చాడు. పళ్ళేలు ఆరూ ఆరు తూటాలకే పడ్డాయి. మూడు, నాలుగు బాగానే గడిచాయి. ఐదో ఆటలో పరుగెత్తాలి, మోకాళ్ళు సహకరించలేదు. దానికి తూటాలు చేయగలిగిందేమీ లేదు. ఆరోది మళ్ళీ బాగానే గడిచింది.

సాయంత్రం జాబితా అంటించారు. పెద్దవాళ్ళలో తొమ్మిదోవాడు. తోటివాళ్ళలో ఒకతను దగ్గరకొచ్చి, "ఏం మేస్త్రీ, పాలపళ్ళు మొలిచాయట?" అని నవ్వాడు. వార్త బల్ల దగ్గరి నుంచి అప్పుడే మైదానమంతా తిరిగేసినట్టుంది.

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి.

"మొలిచాయి," అన్నాడు. "మా ఆవిడ ఏరి తెచ్చింది. నువ్వెన్నోవాడివి?"

అతను పదమూడోవాడు.

ఇంటికి వచ్చిన మూడో రోజు ఆయన ఆమెను ఆసుపత్రిలో ఎముకల డాక్టరు దగ్గర సమయం తీసుకోమన్నాడు. డాక్టరు బొటనవేలికి పట్టీ రాసి, వారానికి రెండు పూటలు కాదు, ఒక్క పూటే కాల్చమన్నాడు. మేస్త్రి బేరమాడి ఒకటిన్నర దగ్గర ఒప్పించాననుకున్నాడు. ఆ అర పూట ఏమిటని ఆమె అడిగితే, బుధవారాలు తను కాల్చడట, వెనక కూర్చుని ఆమె కాలుస్తుంటే చూస్తాడట.

చూడటమంటే నోరు మూసుకుని చూడటం ఆయనకు చేతకాదు. మోచెయ్యి ఇలా, పాదం అలా అంటూనే ఉంటాడు. పోటీలో దిగమని పోరుతూనే ఉంటాడు. "గంట కొట్టి పరుగెత్తించడం నాకొద్దు, ఆసుపత్రిలో రోజూ అదే పని," అని ఆమె దిగలేదు.

ఇప్పుడు క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళు తూటాలు ఏవి కొనాలని అడిగితే, కౌంటరు అన్నయ్య నోరు తెరిచేలోపే మేస్త్రి అందుకుంటాడు. రెండు తూటాలను గాజు బల్ల మీద నిలబెట్టి, బరువెందుకు మెత్తగా ఉంటుందో, మందుకూ వేగానికీ లంకె ఏమిటో, గీత దాటని మరీ మెత్తటివి ఎందుకు కొనకూడదో అరగంట చెప్తాడు. లోకంలో ఆ సంగతి ముందుగా తనే కనిపెట్టినంత ధీమా ఆ గొంతులో.

అన్నయ్య కళ్ళద్దాల మీదుగా సూదమ్మను చూస్తాడు. ఆమె చెవులకు డిప్పలు పెట్టుకుని, తను కాల్చే వరుసలోకి వెళ్ళిపోతుంది.